కాలువ ఎక్కడ ముగుస్తోంది?

*వాడలోకి సిమెంటు రోడ్డు వచ్చింది. దాని వెంటే ఊరి మురుగూ వచ్చింది. స్థానిక సంస్థల 'అభివృద్ధి'ని వాడ వైపు నుంచి లెక్క వేస్తే ఏం తేలుతుంది?*

సర్పంచ్ అయినా, మున్సిపల్ చైర్‌పర్సన్ అయినా పదవీకాలం చివర చెప్పుకునే లెక్క దాదాపు ఒకటే. ఇన్ని కిలోమీటర్ల సీసీ రోడ్లు వేశాం, ఇన్ని మీటర్ల సైడు కాలువలు కట్టాం, ఇన్ని ఎల్ఈడీ దీపాలు పెట్టాం అంటారు. ఆ లెక్క అబద్ధం కాకపోవచ్చు. ఇవాళ చాలా ఎస్సీ వాడల్లో సిమెంటు రోడ్డు ఉంది. మోకాటిలోతు బురదలో బడికి నడిచిన తరానికి అది చిన్న విషయం కాదు. అయినా వానాకాలం రాగానే అదే వాడలో ఇళ్లలోకి నీళ్లు వస్తున్నాయి. బోరింగు చుట్టూ మురుగు నిలుస్తోంది. డెంగీ, టైఫాయిడ్ జ్వరాలు ముందు అక్కడే మొదలవుతున్నాయి. రోడ్డూ కాలువా రెండూ ఉండి కూడా పరిస్థితి ఎందుకు మారలేదు?

ఎందుకంటే మనం ఇన్నాళ్లూ పనిని మీటర్లలో లెక్కపెడుతున్నాం. రోడ్డుకు ఆ లెక్క కొంత సరిపోతుంది. కాలువకు సరిపోదు. కాలువ విషయంలో అడగాల్సిన మొదటి ప్రశ్న అది ఎంత పొడవుందని కాదు, ఎక్కడ ముగుస్తోందని. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళితే పంచాయతీ నిధులు, ఇంజనీరు ఎస్టిమేటు, భూమి యాజమాన్యం, కులం అన్నీ ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తాయి.

పల్లం ఎవరి వాటా?

చాలా తెలుగు ఊళ్లలో ఊరు మెరక మీద ఉంటుంది. మాలపల్లి, మాదిగగూడెం పల్లంలో, చెరువు కిందనో వాగు ఒడ్డునో ఉంటాయి. ఊరికీ వాడకూ మధ్య దూరం అంటరానితనం పెట్టిన దూరం. ఎత్తు తేడా కూడా ఆ విభజనలో భాగమే. తర్వాతి కాలంలో ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ల స్థలాలు కూడా చాలాచోట్ల ఎవరికీ అక్కరలేని నేలలోనే వచ్చాయి. నీరు పల్లానికే పోతుంది గనుక ఊరి మురుగు వాడకు చేరడం ప్రకృతి సహజమని ఇంజనీరు చెబుతాడు. కానీ నీటిని మళ్లించడానికే కాలువ కట్టేది. ప్రకృతి ఎటు పంపితే అటే పోనిచ్చేదానికి ప్రజల డబ్బు ఖర్చు పెట్టడం ఎందుకు?

నీళ్ల మురికి మన చరిత్రలో ఎప్పుడూ చిన్న గొడవగా మిగల్లేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన దాడికి ముందు రోజు జరిగింది ఏమిటి? మాదిగపల్లె తాగునీటి చెరువును ఆధిపత్య కుల యువకులు మురికి చేస్తుంటే అడ్డు చెప్పడం. మా నీళ్లను పాడు చేయొద్దన్న మాటే ఆ రోజు నేరమైంది.

ఇవాళ చట్టం ఆ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలు 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చాయి. దాని ప్రకారం దళితేతరుడు ఎవరైనా దళితుల ఇంటి ఆవరణలో గానీ, ఇంటి వాకిట్లో గానీ మలం, మురుగు, కళేబరాలు పారబోస్తే అది సెక్షన్ 3(1)(బి) కింద అత్యాచారం. రోడ్డు, దారి, చెరువు, కుళాయి, శ్మశానం వాడుకోకుండా అడ్డుకోవడం అదే సెక్షన్‌లోని (జడ్ఏ) కింద నేరం. మరి ఊరంతటి మురుగునూ తెచ్చి వాడ మొదటి ఇంటి ముందు వదిలేసే కాలువను పంచాయతీయే కడితే? దానికి తీర్మానం ఉంటుంది, ఎస్టిమేటు ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. ఒక మనిషి బకెట్టుతో చేస్తే నేరమైన పని, ఒక సంస్థ కాంక్రీటుతో చేస్తే అభివృద్ధి పేరుతో రికార్డుకెక్కుతోంది. కోర్టులో ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం తేలిక కాదు. వాకిలి ముందు నిలిచిన మురుగుకు మాత్రం ఆ తేడా ఏమీ లేదు.

ముక్కలు ముక్కలుగా జరిగే పని

స్థానిక సంస్థకు డబ్బు ముక్కలుగా వస్తుంది. ఆర్థిక సంఘం గ్రాంటు ఒక ముక్క, ఎమ్మెల్యే నియోజకవర్గ నిధి ఒక ముక్క, సొంత పన్నుల ఆదాయం ఇంకో ముక్క. 2005 ఉపాధి హామీ చట్టం కింద కూలీకి 60, సామగ్రికి 40 నిష్పత్తి ఉండేది. ఆ 40 శాతం సామగ్రి వాటాతోనే రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో పల్లెల్లో సీసీ రోడ్లు పడ్డాయి. వచ్చిన డబ్బును మళ్లీ వార్డులవారీగా ముక్కలు చేస్తారు. ప్రతి వార్డు సభ్యుడికీ ఏదో ఒక పని చూపించాలి. పైగా పని విలువ చిన్నదైతే టెండరు లేకుండా నామినేషన్ మీద కావాల్సిన మనిషికి అప్పగించవచ్చు. కాబట్టి పెద్ద పనిని కూడా కావాలని విడగొడతారు.

రోడ్డు ఈ ముక్కల పద్ధతిని తట్టుకుంటుంది. వంద మీటర్ల రోడ్డు వేస్తే ఆ వంద మీటర్లూ జనానికి పనికొస్తాయి. కాలువ తట్టుకోలేదు. చివర లేని వంద మీటర్ల కాలువ దోమల తొట్టి తప్ప మరేమీ కాదు. మొదటి ఇంటి నుంచి వాగు వరకూ, లేదా శుద్ధి చేసే గుంట వరకూ, ఒకే వాలు తప్పకుండా ఉంటేనే అది కాలువ. అందుకు ముందు ఊరంతా లెవెల్స్ తీయాలి. ఏ వీధి ఎంత ఎత్తు, నీళ్లు ఎటు పోవాలి, ఎంత వెడల్పు కావాలన్నది ఒక్క పటం మీదికి రావాలి. వార్డువారీ ఎస్టిమేటులో ఇదంతా ఉండదు.

పనుల వరుస కూడా తలకిందులే. రోడ్డు తొందరగా అవుతుంది, బిల్లు తొందరగా వస్తుంది, ఫోటో బాగుంటుంది. అందుకని ముందు రోడ్డు వేస్తారు. తర్వాత నీళ్ల పైపులకు దాన్ని తవ్వుతారు. ఆ తర్వాత కాలువ గుర్తుకొస్తుంది. అప్పటికి రోడ్డు పక్కన జాగా మిగలదు. మరో అయిదేళ్లకు పాత రోడ్డు పెళ్లగించకుండా దాని మీదే ఇంకో పొర పోస్తారు. రోడ్డు లేచిన కొద్దీ ఇల్లు దిగుతుంది. ముప్పై ఏళ్ల కిందట కాలనీ పథకంలో కట్టిన ఇంటికి ఒకప్పుడు రెండు మెట్లు ఎక్కి వెళ్లేవాళ్లు, ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళుతున్నారు. వాన పడితే వీధి నీళ్లు ఇంట్లోకి రాక ఎక్కడికి పోతాయి? ఉన్నవాళ్లు పునాది లేపి మళ్లీ కట్టుకోగలరు. కూలి మీద బతికే కుటుంబానికి గుమ్మానికి అడ్డంగా సిమెంటు గట్టు పోసుకోవడమే దిక్కు.

ఇంత జరిగినా కాలువను వాగు దాకా ఎందుకు తీసుకెళ్లరు? అసలు చిక్కు ఇక్కడుంది. వాడ దాటాక కాలువ వాగును చేరాలంటే ఎవరో ఒకరి పొలం గుండా పోవాలి. ఆ పొలం సాధారణంగా ఊళ్లో పలుకుబడి ఉన్న కులాల చేతిలో ఉంటుంది. నా భూమిలోంచి మురుగు పోనివ్వనని ఒక్క రైతు అంటే పంచాయతీ ఆగిపోతుంది. పరిహారం ఇచ్చి దారి తీసుకుందామని గానీ, భూమి లోపల పైపు వేద్దామని గానీ తీర్మానం పెట్టే ధైర్యం చేయదు. వాడలోని ఇరవై, ముప్పై కుటుంబాల అభ్యంతరం మాత్రం అభ్యంతరం కింద లెక్కకు రాదు. అలా కాలువ వాడ దగ్గరే ముగుస్తుంది. లేదంటే దళితుల శ్మశానంలో ముగుస్తుంది. అంచేత కాలువ ఎక్కడ ఆగిందో ఎస్టిమేటు చెప్పదు, భూమి పట్టా చెబుతుంది.

తీర్మానానికీ అమలుకూ మధ్య

స్థానిక సంస్థ తీర్మానం ఎంత దూరం పనిచేస్తుందో మహాడ్ కంటే బాగా చెప్పే ఉదాహరణ లేదు. చవదార్ చెరువు మహాడ్ మున్సిపాలిటీది. ప్రభుత్వ నీటి వనరులు, బడులు, ఆస్పత్రులు అంటరానివారికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. దాన్ని అనుసరించి మహాడ్ మున్సిపాలిటీ 1924లో చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. మూడేళ్లపాటు ఒక్క దళితుడూ అందులో నీళ్లు ముట్టలేకపోయాడు. 1927 మార్చి 20న అంబేడ్కర్ నాయకత్వంలో వేల మంది నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగాక దాడులు జరిగాయి. అదే ఏడాది ఆగస్టులో మున్సిపాలిటీ తన పాత తీర్మానాన్నే రద్దు చేసుకుంది. ఆ చెరువు మీద హక్కును బొంబాయి హైకోర్టు ఖాయం చేసేసరికి 1937 వచ్చింది.

ఈ చరిత్రను హక్కుల పోరాటంగా చదువుతాం, సరైనదే. స్థానిక పాలన పాఠంగా కూడా చదవాలి. మంచి తీర్మానం చేసిన కౌన్సిలే, ఊరి పెద్దల ఒత్తిడి రాగానే వెనక్కి తీసుకుంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని ఆదర్శంగా చూడ్డానికి నిరాకరించింది ఇలాంటి అనుభవాలతోనే. తర్వాత 73, 74 సవరణలు 1993లో అమల్లోకి వచ్చాయి. పంచాయతీలకు 29 అంశాలు, పట్టణ సంస్థలకు 18 అంశాలు జాబితా కట్టి ఇచ్చాయి. రోడ్లు, పారిశుద్ధ్యం, మురికివాడల మెరుగుదల, శ్మశానాలు ఆ పట్టణ జాబితాలో ఉన్నాయి. అధికారం దగ్గరికి వచ్చిందన్నది నిజం. ఎవరికి దగ్గరగా వచ్చిందన్నదే ప్రశ్న.

కుర్చీ ఉంది, సంతకం సగమే

రిజర్వేషన్ వల్ల దళిత సర్పంచులు, కౌన్సిలర్లు వచ్చారు. ఇది మామూలు మార్పు కాదు, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచ్‌తోపాటు ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలంది. సర్పంచ్ పదవికి రిజర్వేషన్ ఉంది, ఉప సర్పంచ్ పదవికి లేదు. ఊరు ఎస్సీ మహిళకు రిజర్వ్ అయితే ఉప సర్పంచ్ కుర్చీ కోసం ఎవరు పోటీ పడతారో, గెలిచాక ఆ సంతకం ఏ పనికి ఆగుతుందో పల్లెల్లో పనిచేసే కార్యకర్తలకు వివరించనక్కర్లేదు. వాడ కాలువకు పొలం గుండా దారి కావాలని దళిత సర్పంచ్ పట్టుబడితే ఆగిపోయేది ముందుగా ఆ కాలువ బిల్లే.

నగరాల్లో లెక్క వేరుగా ఉన్నా ఫలితం అదే. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో 150 డివిజన్లలో ఎస్సీలకు రిజర్వ్ అయినవి 10. ఆ పది మంది కూడా తమ డివిజన్‌కు ఏ పని రావాలో అడగగలరు గానీ, నగరం మొత్తం నాలాల పటంలో తమ బస్తీ ఎక్కడ ఉండాలన్నది ఇంజనీర్లూ, మంత్రులూ తేల్చే విషయం.

డబ్బు ఏ పద్దులో పడింది?

మన కోసం వేరే నిధి ఉంది కదా అంటారు. ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో పోరాడి సాధించుకున్న 2013 ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం జనాభా నిష్పత్తిలో నిధులు పక్కన పెట్టాలంది. తెలంగాణ 2017లో దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చుకుంది. ఆంధ్రప్రదేశ్ పదేళ్ల గడువు ముగుస్తుండగా 2023లో మరో పదేళ్లు పొడిగించింది. చట్టం ఉద్దేశం ప్రకారం ఆ డబ్బు ఎస్సీ వ్యక్తులకు, కుటుంబాలకు, వాడలకు నేరుగా మేలు చేయాలి. కానీ విడదీయలేని మౌలిక సదుపాయాల పేరుతో ఒక సందు కూడా అదే చట్టంలో ఉంది. అందరూ వాడే పెద్ద రోడ్డు ఖర్చులో కొంత భాగాన్ని ఎస్సీల ఖాతాలో రాసుకోవచ్చు. ఊరి మధ్య రోడ్డు ఖర్చు మన పద్దులో పడుతుంది, మన వాడ కాలువకు మాత్రం నిధులు లేవంటారు. ఆ పద్దు చూపించమని అడగకపోతే ఈ సంగతి ఎన్నటికీ బయటపడదు.

ఆర్థిక సంఘం నిధుల్లోనూ అడగడానికి జాగా ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీల గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది. ఆ డబ్బులో ఎంత ఊళ్లో, ఎంత వాడలో ఖర్చయిందో వీధులవారీగా గ్రామసభలో చదవమని అడిగే హక్కు మనకుంది.

కాలువలో దిగేది ఎవరు?

కాలువకు వాలు లేకపోతే పూడిక పడుతుంది. పూడికను ఎవరో ఒకరు తీయాలి. ఆ ఒకరు ఎవరన్నది కూడా ఈ దేశంలో ముందే రాసిపెట్టి ఉంది. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే 38,000 మంది వివరాలను కేంద్ర ప్రభుత్వం నమస్తే పథకం కింద సేకరించింది. వారిలో 68.9 శాతం ఎస్సీలు. దీని అర్థం ఏమిటంటే, చెడ్డ ఎస్టిమేటు వల్ల దళితులు రెండుసార్లు నష్టపోతున్నారు. మురుగు నిలిచేది వారి వాకిట్లో, దాన్ని ఎత్తిపోసేదీ వారి చేతులే.

తెలంగాణ పల్లెల్లో మల్టీ పర్పస్ వర్కర్ పేరుతో ఒకే మనిషి చేత కాలువ తీయించి, ట్రాక్టరు నడిపించి, కరెంటు పని కూడా చేయించారు. ఆ పద్ధతి రద్దు చేయాలని, వేతనాలు పెంచాలని 2023 జులైలో కార్మికులు సమ్మెకు దిగారు.

పాకీ పనిని నిషేధిస్తూ 2013లో వచ్చిన చట్టం సెక్షన్ 7 మురుగు గుంటల్లో ప్రమాదకరంగా మనుషులను దించడాన్ని నిషేధించింది. సెక్షన్ 33 యంత్రాలు వాడటాన్ని స్థానిక సంస్థ బాధ్యతగా చేసింది. సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో 2014లో సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు 10 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబరులో బల్‌రామ్ సింగ్ కేసులో దాన్ని 30 లక్షలకు పెంచింది. చేయగలిగితే చేయవచ్చనడానికి హైదరాబాద్‌లోనే రుజువుంది. ఇరుకు సందుల్లోకి వెళ్లగల 70 మినీ జెట్టింగ్ యంత్రాలను జలమండలి 2017లో తెచ్చింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ అందులో భాగస్వామి. అదే నగరంలో 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో ఒక రాత్రి మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు చనిపోయారు. యంత్రం కొనడంతో బాధ్యత తీరదు. మనిషిని దించిన కాంట్రాక్టరు మీద, పర్యవేక్షించని అధికారి మీద చర్య ఉంటేనే యంత్రం బయటికి వస్తుంది.

నగరంలో కాలువ పేరుతో

పల్లెలో కాలువ మన దగ్గర ముగుస్తుంటే, నగరంలో కాలువ పేరు చెప్పి మనల్నే ముగిస్తున్నారు. 2020 అక్టోబరు వరదల తర్వాత హైదరాబాద్ నాలాల కోసం సుమారు 985 కోట్లతో ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. నాలాలు వెడల్పు చేయాలన్నదానిలో వివాదం లేదు. వరదలో ముందు మునిగేది బస్తీలే. కానీ నాలా ఇరుకైంది కేవలం ఒడ్డున గుడిసె వేసుకున్నవాళ్ల వల్ల కాదు. ఎగువన చెరువుల శిఖం భూముల్లో అనుమతులతో లేచిన వెంచర్లు, అపార్ట్‌మెంట్లు ఆ నీటిని కిందికి తోశాయి. 2024లో మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసినప్పుడు ఖాళీ చేయమన్నది పేదల ఇళ్లనే. నాలా మ్యాపు గీసేటప్పుడు బస్తీని పిలవరు, కూల్చేటప్పుడు మాత్రం మ్యాపు చూపిస్తారు. నాలా పనులకు ముందే పునరావాసం ఎక్కడ, పిల్లల బడి ఎంత దూరం, పని దొరికే చోటుకు బస్సు ఉందా అన్నవి రాతపూర్వకంగా తేలాలి. ఊరి బయట ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఇల్లిస్తే ఇళ్లలో పనిచేసే మహిళ బతుకుతెరువు అక్కడితో పోతుంది. నగరంలో అది కొత్త వెలివాడ అవుతుంది.

ఇక మనం ఏం అడగాలి?

"ఏదో ఒకటి వస్తోంది కదా, కాలువ చివర ఎక్కడని గొడవ పెట్టుకుంటే ఉన్న రోడ్డు కూడా పోతుంది" అని వాడలో పెద్దవాళ్లు భయపడతారు. ఆ భయానికి అనుభవం ఉంది. పేరు రాసిచ్చిన మనిషికి మర్నాడు కూలి పని దొరకకపోవచ్చు. అందుకే ఈ పని ఒక్కరిద్దరి మీద వేయకూడదు. సంఘంగా, విద్యార్థి బృందంగా చేయాలి.

మొదటి పని పటం గీయడం. సెలవుల్లో ఊరికెళ్లే విద్యార్థులు నలుగురు కలిస్తే రెండు రోజుల్లో అవుతుంది. ప్రతి కాలువా ఎక్కడ మొదలైంది, ఎటు వాలింది, ఎక్కడ ఆగింది, ఆగినచోట ఎవరి ఇల్లు, ఎవరి భూమి ఉన్నాయి? వాన పడిన రోజు ఏ ఇంట్లో ఎంత ఎత్తున నీళ్లు నిలిచాయి? ఫోనుతో తీసిన తేదీ ఉన్న ఫోటోలు చాలు.

రెండోది రికార్డు. సమాచార హక్కు చట్టం కాగితాల నకళ్లతో ఆగదు. సెక్షన్ 2(జె) ప్రకారం జరుగుతున్న పనిని తనిఖీ చేయవచ్చు, వాడిన సామగ్రి ధ్రువీకృత నమూనా కూడా తీసుకోవచ్చు. ఉమ్మడి రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. ఎస్టిమేటు, లెవెల్స్ పట్టిక, మెజర్‌మెంట్ బుక్, ఏ పద్దు కింద చెల్లించారన్న వోచరు, ఈ నాలుగూ అడగండి. లెవెల్స్ పట్టిక లేదని జవాబు వస్తే అదే మీకు దొరికిన పెద్ద సాక్ష్యం.

మూడోది వరుస. గ్రామసభలోనైనా, వార్డు సమావేశంలోనైనా మన డిమాండు "మా వాడకు రోడ్డు" అని మొదలుకాకూడదు. ముందు మురుగు చేరే చోటు, తర్వాత కాలువ, తర్వాత పైపులు, చివర రోడ్డు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీద కొత్త పొర వేయొద్దు. అంబులెన్సు, ఫైరింజను తిరిగే వెడల్పు ఉండాలి. కాలువ పూడిక యంత్రంతో తీయాలి. ఈ మాటలు తీర్మానం పుస్తకంలో అక్షరాలా ఎక్కేదాకా, నకలు చేతికి వచ్చేదాకా సభ నుంచి కదలకూడదు. మహాడ్‌లో తీర్మానం చేసిన కౌన్సిలే దాన్ని చెరిపేసిందని గుర్తుంటే, నకలు ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది.

పొలం గుండా దారి విషయం వచ్చినప్పుడు తగాదాకు దిగకుండా విషయాన్ని పైకి తీసుకెళ్లాలి. పరిహారం లెక్క కట్టి, తహసీల్దారు, ఎంపీడీవో సమక్షంలో కూర్చోవాలని రాతపూర్వకంగా కోరాలి. ఊరందరి మురుగు పోవడానికి ఊరందరి బాధ్యతగా దారి ఉండాలన్నదే మన వాదన. ఒక్క రైతు నష్టపోవాలని మనం అడగడం లేదు. ఒక్క వాడ మాత్రమే ఆ మురుగంతా మోయాలన్న ఏర్పాటుకు ఇక ఒప్పుకోమంటున్నాం.

ఈసారి ఓటు అడగడానికి వచ్చినవాళ్లు ఎన్ని మీటర్ల కాలువ కట్టారో చెబుతారు. విని, వాళ్లను ఆ కాలువ వెంట చివరిదాకా నడిపించి తీసుకెళ్లండి. ఎవరి వాకిట్లో ఆగాల్సి వస్తుందో వాళ్లూ చూడాలి.